గ్లవుజు కింద వాచీ

నాన్నా,

కోప్పడినా సరే, చివరిదాకా చదువు. ఒక తప్పు చేసి నాలుగు నెలలుగా కడుపులో దాచుకుని తిరుగుతున్నాను.

మా పని నీకు తెలిసిందే. కొండ కింద సొరంగంలో పెద్ద రాగి డ్రమ్ము, దాని నిండా వాయువు. అందులో ఒక్క పరమాణువు మేం కోరుకున్న తీరులో విరిగితే చాలు, న్యూట్రినో అనే బుల్లి కణానికి ఎదురు జోడీగా ప్రతికణం వేరే ఉందా, లేక అది కూడా తనేనా అన్నది తేలిపోతుంది. ఏడాదికి ఒకటి విరిగితే గొప్ప. అందుకే ప్రతి స్క్రూనీ పదిసార్లు కడుగుతాం. ఈ నాలుగు నెలల్లోనే సరిగ్గా మేం కాపు కాసిన చోట ఏడు గుర్తులు పడ్డాయి. అందరూ ఎగిరి గంతేస్తున్నారు. నా గుండెల్లో మాత్రం రాయి పడింది.

డ్రమ్ము బిగించిన రోజు నువ్విచ్చిన తాతయ్య వాచీ తీయడం మరిచాను. గ్లవుజు కిందే ఉండిపోయింది. బయటికొచ్చి చూస్తే అద్దం పగిలి ఉంది, గ్లవుజు చిరిగి ఉంది. ఆ కాలపు ముళ్లకి చీకట్లో మెరిసే రేడియం రంగు వేసేవారు కదా. ఆ పొడి నలుసంత లోపల పడినా అదే చోట దొంగ గుర్తులు వేస్తుంది. చెబితే ఉద్యోగం ఊడుతుందేమో. చెప్పకపోతే ఏడు అబద్ధాలు లోకానికి చాటినట్టే. ఏం చేయమంటావు?

నీ మొద్దు

*

ఒసేయ్ మొద్దూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. రెండేళ్లప్పుడు నువ్వు దొరికిందల్లా నోట్లో పెట్టుకునేదానివి. ఆ వాచీ అంటే మరీ ప్రాణం. రేడియం మంచిది కాదని మన గడియారాల కొట్టుకి వచ్చిన ఒక డాక్టరుగారు చెబితే, ఆ పూటే ముళ్లూ డయలూ తీసేసి కొత్తవి వేశాను. మీ నానమ్మ నన్ను బతకనివ్వదని ఎవరికీ చెప్పలేదు. నీకిచ్చేటప్పుడు మాత్రం అంతా అసలుదేనని కోతలు కోశాను. నకిలీ ముల్లు వేసే వాళ్లని జీవితమంతా తిట్టినవాణ్ణి, కన్నకూతురికి చేసింది ఇదీ!

హమ్మయ్య, ఇక నోరు మూసుకోవచ్చు అనుకుంటావేమో. వద్దు. ముప్ఫై ఏళ్ల కిందటి నా చేతి శుభ్రం మీద నాకే నమ్మకం లేదు. వాచీ బాగుచేశానంటే ఎవరు నమ్ముతారు, నడిపించి చూపించాలి. తీసుకెళ్లి మీ ప్రయోగం నడిపే పెద్దావిడ ముందు పెట్టు.

గడియారాల ముసలాడు

*

నాన్నా,

పెట్టాను. పెద్దావిడ వాచీకేసి చూసింది, నాకేసి చూసింది. "నాలుగు నెలలు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా తల్లీ!" అని గోడలు అదిరేలా అరిచింది. ఏడాది పాటు డ్రమ్ము గదిలో అడుగు పెట్టకూడదని, స్క్రూలు కడిగే గదిలో వేసింది. న్యాయమే.

వాచీని మూడు వారాలు కొలిచారు. రేడియం జాడ లేదు.

తమాషా ఏమిటంటే, నన్ను చూసి మిగతావాళ్ల నోళ్లూ తెరుచుకున్నాయి. వెల్డరు తన చెవిపోగు తెచ్చి బల్లమీద పెట్టాడు. లెక్కలు చూసే అబ్బాయి డ్రమ్ము లోపల తుమ్మానని ఏడ్చినంత పని చేశాడు. పెద్దావిడ కూడా, "నా కళ్లజోడు స్క్రూ ఒకటి ఆ రోజే ఊడింది" అని మెల్లగా గొణిగింది! జోడుకి మిగిలిన స్క్రూతో సహా అన్నీ కొలిచారు. అన్నీ శుభ్రమే.

ఆ ఏడు గుర్తులూ చెక్కుచెదరలేదు నాన్నా. నిజమో కాదో ఇంకో రెండేళ్లకి గానీ తేలదు. ఇక్కడ ఎవరికీ నిద్ర పట్టడం లేదు, నాకు తప్ప.

స్క్రూలు కడిగే నీ కూతురు