చెరువు మీదకి జంటగానే రమ్మన్నారు

ఏలూరు,
14 నవంబరు 2025, శుక్రవారం.

ప్రియమైన రత్నక్కకి నీ చెల్లెలు పెర్సిస్ వందనాలు. ప్రభువు కృపలో నువ్వూ, బావగారూ, తాడేపల్లిగూడెంలో మనవాళ్ళందరూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ నేనూ బాగానే ఉన్నాను, కుడిచెయ్యి తప్ప.

చేతిరాత చూసి కంగారుపడకు. రోజూ ఆసుపత్రికి వచ్చి నన్ను చూసి వెళ్ళే ఒకావిడ, నేను చెబుతుంటే రాస్తున్నారు. ఫోన్ చేద్దామంటే నీకు సగం వినపడదు, ఆ సగం నువ్వే కల్పించుకుని నా మీద ఎగురుతావు. అందుకే ఉత్తరం. రేపు మీ అబ్బాయి జేమ్స్ తెచ్చి ఇస్తాడు.

నువ్వు వాడిచేత పంపిన మాట అందింది. పెద్దవాళ్ళతో మనకెందుకు, ఆ చెరువు యజమాని పెట్టమన్నచోట సంతకం పెట్టేసి వచ్చెయ్ అన్నావట. నేను పెట్టనక్కా. ఎందుకో చెబుతాను, మొత్తం చదివాకే తిట్టు.

పెదపాడు అవతల ఈ రొయ్యల చెరువుకి కాపలా కావాల్సి వచ్చినప్పుడు, ఆంజనేయప్రసాద్ గారు మీ మరిది విశ్వాసాన్ని అడిగిన మొదటి మాటే, నీ భార్య కూడా వస్తుందా అని. ఈ కొల్లేటి చెరువుల మీద ఒంటరి మగాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? జంటైతేనే పని. జీతం కూడా జంటకింత అనే మాట్లాడారు. మీ మరిది మేత బస్తాలు మోస్తే, పడవెక్కి మేత చల్లింది నేను. చెక్ ట్రేలు పైకి లాగి, రొయ్య మేత తిందో లేదో చూసి రోజూ వాళ్ళింటికి ఫోన్లో చెప్పింది నేను. తీరా నా చెయ్యి నలిగాక, మేం పెట్టుకున్నది విశ్వాసాన్నే, ఆవిడ మొగుడికి అన్నం పట్టుకొచ్చి ప్రమాదంలో పడింది అంటున్నారు. ఆ మాటే కాగితం మీద రాయించి సంతకం పెట్టమంటున్నారు. నేనేమన్నా చుట్టపుచూపుగా వెళ్ళానా చెరువు మీదకి? ఒళ్ళు మండిపోయిందనుకో.

ఆ రోజు జరిగింది నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మీ మరిది మేత కోసం కైకలూరు వెళ్ళాడు. ఈలోగా కరెంటు పోయింది. వాళ్ళింటి నుంచి ఫోనొచ్చింది, ఏరియేటర్ రెక్కలకి నాచు చుట్టుకుందన్నావుగా, కరెంటు లేనప్పుడే తీసెయ్ అని. ఎప్పుడూ చేసే పనే కదా, దిగాను. కరెంటు వచ్చినా గట్టు మీద బటన్ నొక్కితే గానీ నీళ్ళు చిలికే ఆ రెక్క తిరగదని నా ధైర్యం. ముందురోజే అక్కడ ఆటో స్టార్టర్ బిగించారట. కరెంటు రాగానే దానంతటదే తిరిగేస్తుందట. నా చెయ్యి రెక్కల మధ్య ఉండగానే కరెంటొచ్చింది. ఆ సంగతి మీ మరిదికి చెప్పారు, నాకు చెప్పలేదు. ఆయనేమో చెప్పడం మరిచిపోయి, ఇప్పుడు మంచం పక్కన కూర్చుని తల బాదుకుంటున్నాడు, పాపం. నేనంటాను, పని చేసే మనిషికి పని చేయించుకునేవాళ్ళు చెప్పాలి గానీ, మొగుడు చెబుతాడులే అని ఊరుకుంటే ఎలా?

ఇక్కడ రాసే ఆవిడ కలం ఆపేశారు. ఏమైందండీ అంటే, ఏం లేదు, నువ్వు చెప్పు అన్నారు.

ఒక్క మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. ఆ రోజు నన్ను తన కారులో ఏలూరు తెచ్చింది ఆంజనేయప్రసాద్ గారే. వెనకసీటంతా నెత్తురైపోయినా, దారి పొడుగునా ఏం కాదమ్మా, ఏం కాదమ్మా అంటూనే ఉన్నారు. చెడ్డమనిషి కాదు. తర్వాత ఎవరో భయం పెట్టారు, ఆమె నీ దగ్గర పని చేసే మనిషేనని ఒప్పుకుంటే మెడకు చుట్టుకుంటుందని.

మీ మరిది లేబర్ ఆఫీసుకి వెళ్తే అక్కడి మేడం గారు విడమరిచి చెప్పారట. ఒప్పందమంటే స్టాంపు కాగితమే అనుకుంటాం మనం. కాదట అక్కా. ఒకరు పని చెప్పి, ఇంకొకరు సరేనని చేసి, దానికి జీతం ఉంటే నోటిమాటైనా ఒప్పందమేనట. బెదిరించి పెట్టించుకున్న సంతకం నిలవదట. యంత్రం దగ్గరికి మనిషిని పంపేముందు ప్రమాదం లేకుండా చూడడం, కొత్తది బిగిస్తే చెప్పడం యజమాని బాధ్యతట. కాకపోతే నేను అక్కడ పని చేసేదాన్నేనని ముందు తేలాలి. ఆ రోజు పని ఎవరు చెప్పారు, సాక్ష్యం ఏది అని సోమవారం ఆ ఆఫీసులో విచారణప్పుడు అడుగుతారు. పక్క చెరువు సత్తిబాబుని సాక్ష్యానికి రమ్మంటే, నా బతుకూ ఆ గట్టు మీదే కదమ్మా అని తల దించుకున్నాడు. అతన్ని మాత్రం ఏమనగలం?

నాకు భయం లేదనుకోకు. సంతకం పెట్టకపోతే చెరువు మీద మేముండే షెడ్డు ఖాళీ చెయ్యాలి. పెట్టానంటే, ఇన్నాళ్ళూ నేను చేసింది అసలు పనే కాదని ఒప్పుకున్నట్టు. ఎడమచేత్తో అంత అబద్ధం నేను రాయలేను.

సోమవారం పొద్దున్న రైలుకి వచ్చెయ్ అక్కా. ఏమీ మాట్లాడక్కర్లేదు, నా పక్కన కూర్చో చాలు. నువ్వుంటే నా గొంతు వణకదు. ప్రార్థనలో నన్ను తలుచుకో.

నీ చెల్లెలు,
పెర్సిస్
(ఈ సంతకం ఎడమచేతిది. కోడిగీతలని నవ్వకు.)

తా.క.: రత్నకుమారి గారికి నమస్కారం. ఇది పెర్సిస్ చెప్పింది కాదండి, తను నిద్రపోయింది. ఇంతసేపూ రాసింది నేను, భ్రమరాంబని. ఆంజనేయప్రసాద్ గారి భార్యని. నేనెవరో తెలిస్తే ఉత్తరం చదవకుండానే చింపేస్తారని తను నా పేరు చెప్పలేదు. ఇంకోటి కూడా దాచింది. వాళ్ళింటి నుంచి ఫోనొచ్చింది అంది కదా, ఆ ఫోన్ చేసింది నేనేనండి. రోజూ తనకి పని చెప్పేదీ నేనే. ఆటో స్టార్టర్ సంగతి ఆ రోజు నాకు తెలుసు. విశ్వాసం చెబుతాడులే అనుకున్నాను. ఈ మాట సోమవారం మేడం గారి ముందు చెబుతానని నిన్న మా వారితో అన్నాను. అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడడం లేదు. అయినా వస్తాను. మీరూ రండి. నన్ను అనాలనుకున్నవన్నీ ఆఫీసు బయటే అనెయ్యండి, పడతాను. లోపలికి వెళ్ళాక, పని ఎవరు చెప్పారని అడిగినప్పుడు మాత్రం నన్ను లేచి నిలబడనివ్వండి.