తేనెటీగ వాలేదాకా

అంకన్న బావా,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం ఉన్నాం, నువ్వు తప్ప. నువ్వు పోయి మొన్నటికి పదకొండు నెలలు. ఇన్నాళ్ళూ ఉత్తరం రాయనిది బద్ధకం వల్ల కాదు. నీకు చదవడం రాదు కదా, అందుకని. దీన్ని రాసి, పెద్దగుంట అంచున కూర్చుని గట్టిగా చదువుతాను. నా గొంతు విని వెక్కిరించకు. వెక్కిరించినా సరే...

నేను బి.ఎస్సీ. పాసై, గ్రామసేవకుడి హోదాలో, వినుకొండ నుంచి సైకిలు తొక్కుకుంటూ మీ చెంచుగూడెం వచ్చిన రోజు గుర్తుందా? దొరల కాలంలో ఎవరో రాగి కోసం మీ కొండ కడుపు తవ్వి, మూడు గుంటలనూ ఒక రాళ్ళదిబ్బనూ వదిలేసి పోయారు. వాన పడితే అక్కణ్ణుంచి పచ్చటి విషపునీళ్ళు వాగులోకి దిగేవి. మీ మేకలు అవి తాగి చచ్చేవి. కింద పల్లంలో మిరపతోటలు మాడిపోయేవి. ఆ నేలను బాగుచేయడానికి ప్రభుత్వంవారు పంపిన మహానుభావుణ్ణి నేను.

దిబ్బ మీద రెండు వందల సరుగుడు మొక్కలు వరసలు తీర్చి నాటించాను. వాటి చుట్టూ రాళ్ళు పేర్చి సున్నం కొట్టించాను. నెల తిరిగేసరికి రాళ్ళు మాత్రం బతికాయి. ఆఫీసరుగారు తనిఖీకి వస్తున్నారని తెలిసి, వేపకొమ్మలు విరిచి గుంతల్లో గుచ్చాను. ఆయన మెచ్చుకుని వెళ్ళారు. నువ్వు తువ్వాలు నోట్లో కుక్కుకుని వెనకాలే నిలబడ్డావు. జీపు మలుపు తిరగగానే ఒక కొమ్మ పీకి నా చేతిలో పెట్టావు.

"సారూ, వేర్లు పెట్టడం మర్చిపోయావ్."

ఆ రోజు నుంచి నా ఉద్యోగం నువ్వే చేశావు. సంతకాలు మాత్రం నేను పెట్టాను. పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం తెప్పించాం. చెరువుమట్టి, మేకల ఎరువు కలిపి పరిచాం. విత్తనాలు చల్లుదామని నేను తొందరపడితే ఆపావు. "చీమ కాపురం పెట్టని చోట నీ చదువు మొలవదు" అన్నావు. చీమలు పుట్ట పెట్టిన చోటే, నీ కొండమీది బోదగడ్డి గింజలు, నువ్వు చూపించిన మేరకే చల్లాం. ఆ నెల రిపోర్టులో "చీమలు: సంతృప్తికరం" అని రాసినందుకు నన్ను సంజాయిషీ అడిగారు. అది విని ఎంత నవ్వావు! "మేం కూడా ఇక్కడే ఉన్నామని రాయి. చీమల కిందైనా సరే" అన్నావు. నవ్వుతూనే అన్నావు గానీ... నాకు నవ్వు రాలేదు బావా.

ఇక తాడు సంగతి. పెద్దగుంటలోకి వాననీరు ఏ సందులోంచి దూరుతోందో చూడాలి, ఎవరో ఒకరు దిగాలి. మీలో తేనె కోసం కొండచరియ దిగేవాడి తాడు పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. చెల్లెలి మొగుణ్ణి చెయ్యి జారనివ్వడు కదా. నీ ఇంటిది పుల్లమ్మ అన్న పోయిన దగ్గర్నుంచి నువ్వు తేనెకు దిగడమే మానేశావు. ఆ రోజు చుట్టూ చూశావు, చివరికి నన్ను చూశావు.

"ఇయ్యాల్టి నుంచి పుల్లమ్మకి నువ్వే అన్నవి. పట్టు."

నువ్వు కిందున్నంతసేపూ ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో నీకు చెప్పలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. మొహమంతా పచ్చటి మట్టితో పైకొచ్చి, "ఏం బావమరిదీ, నువ్వు తాడుని పట్టుకున్నావా, తాడు నిన్ను పట్టుకుందా?" అన్నావు.

ఆ సందు పూడ్చిన సాయంత్రమే నా చేత మాట తీసుకున్నావు. "ఈ నీళ్ళ మీద తేనెటీగ వాలేదాకా పోకు." నీళ్ళు సీసాలో పట్టి గుంటూరు పంపితే పరీక్ష చేసి చెబుతారన్నాను. "వాళ్ళు తాగి చెబుతారా?" అన్నావు.

తర్వాత నేను ట్రైనింగుకి బాపట్ల వెళ్ళాను. నీకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి... నేను తిరిగొచ్చేసరికి నీ మీద మట్టి ఆరిపోయి ఉంది. జ్వరం బిళ్ళలు ఇక్కడే, నా పెట్టెలోనే ఉన్నాయి బావా. తాళంచెవి నా జేబులో, బాపట్లలో ఉంది. నువ్వు కిందికి జారుతున్నప్పుడు, తాడు పట్టాల్సినవాడు ఎరువుల మీద నోట్సు రాసుకుంటున్నాడు.

నాకోసం అడిగావా? పుల్లమ్మను అడగడానికి నాకింకా ధైర్యం రాలేదు.

ఈ ఏడు బోదగడ్డి నడుమెత్తు లేచింది. పెద్దగుంట నీరు తేటపడింది. నాకు గుంటూరు బదిలీ ఆర్డరు వచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రోజూ ఆ గట్టున బోర్లా పడుకుని చూస్తున్నాను, నీళ్ళలో నా మొహం ఎంత అందంగా ఉందోనని.

నిన్న పొద్దున తడిమట్టి మీద ఒక తేనెటీగ వాలింది. తాగింది. ఎగిరి మళ్ళీ వచ్చింది, ఇంకో రెండిటిని వెంటబెట్టుకుని. "బావా!" అని కేకపెట్టాను, అలవాటుగా.

పుల్లమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎవరిని పిలిచానో అడగలేదు. ఈగల్ని చూస్తూ గట్టున కూర్చుంది. మాట చెల్లింది కదా, ఇక వెళ్ళిపోతావా అన్నా, అంది. గుడిసెలోకి వెళ్ళి నీ తాడు తెచ్చింది. చీకిపోయిన చోటల్లా కొత్త నార వేసి పేనింది. రెండో గుంట ఇంకా పచ్చగానే ఉంది కదా, ఈసారి తనే దిగుతానంది. తాడు కొస నా చేతిలో పెట్టింది.

బదిలీ ఆపమని అర్జీ రాశాను బావా. కారణం రాయాల్సిన చోట "కుటుంబ పరిస్థితులు" అని రాశాను. అది అబద్ధమంటావా?

రేపు దిగుతున్నాం. పెట్టె తాళంచెవి ఇప్పుడు పుల్లమ్మ కొంగున ఉంది. తాడు నా చేతిలో ఉంది. ఈసారి వదలను.

నీ బావమరిది