కంద పక్కన బచ్చలి

కొవ్వూరు,
ఫిబ్రవరి నెల, 1999.

మా అమ్మాయి సారికకు, మీ నాన్న ఎవరిచేతా రాయించకుండా తానే కూర్చుని దీవించి రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ నేను, మీ అమ్మ, గేదె, దాని దూడ కులాసా. అనంతపురంలో నువ్వు, అల్లుడుగారు, పాప కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. లేకపోతే దాచకు. నాకు తీపి మాటలు రాయడమూ రాదు, చదవడమూ రాదు.

నీ ఉత్తరం ముందు పెట్టుకుని వరసగా జవాబు రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. నన్ను తిట్టడానికి లేచేటప్పుడు బాగానే ఉంటాయి. మిగతా వేళ నొప్పి అంటుంది. అల్లుడుగారికి అక్కడి నీళ్ళు పడటం లేదన్నావు. కాచి చల్లార్చి తాగమను. నేను పంపిన కంద ముక్కలు ఆ ఎర్రమట్టిలో బతుకుతాయా అని అడిగావు. నీళ్ళుంటే బతుకుతాయి. మీ స్నానాల నీళ్ళు పారే చోట, కన్ను పైకి ఉండేట్టు పాతిపెట్టి, రోజూ తవ్వి చూడకుండా వదిలెయ్యి. చిన్నప్పుడు చిక్కుడు గింజ మొలిచిందో లేదోనని తవ్వి తవ్వి చంపావు నువ్వు.

ఇక అసలు ప్రశ్న. రామచంద్రపురం వెంకటరాజు గారు తన పటానికి ఒప్పుకున్నారా అని అడిగావు. ఈస్టరు వెళ్ళగానే పుస్తకం ప్రెస్సుకి పోవాలని, గోదావరి పేజీ ఒక్కటే ఖాళీగా ఉందని కూడా రాశావు. ఆయన ఒప్పుకోలేదు. ఒక్క మాటలో చెప్పేశాను. ఇక మిగతాది తీరిగ్గా చదువు.

మీ సంఘం ఆడవాళ్ళ కోసం ఊరూరి పాత కూరదొడ్ల పటాలు పోగుచేసి పుస్తకం వేస్తున్నామని, గోదావరి వైపు పటం నన్ను చూడమని నిరుడు నువ్వు రాసినప్పుడు నాకు నవ్వొచ్చింది. దొడ్డికి పటమేంటి? తవ్వుతాం, నాటుతాం, తింటాం. దానికి తోడు, ఎవరు గీశారో కనుక్కుని వాళ్ళ చేత ఒప్పుదల రాయించమన్నావు. "బెండకాయకి కూడా కాపీరైటంటే!" అని అమ్మ దగ్గర నవ్వాను. తరవాతి ఉత్తరంలో నువ్వు విడమరిచి రాశావు. నాటే పద్ధతి ఎవరి సొత్తూ కాదు, గీసిన బొమ్మ, రాసిన మాట మాత్రం గీసినవాడివి; మనిషి పోయినా ఇంకో అరవై ఏళ్ళు వారసులవి అని. ఆ ముక్క నా బుర్రలో ఈగలా తిరిగింది. పొలంలో మడి చెక్కుతూ కూడా అదే ఆలోచన. పద్ధతి అందరిదీ, బొమ్మ ఒకడిదీ ఎలా అవుతాయి? పప్పులోంచి ఉప్పు తీసినట్టు ఆ రెండింటినీ ఎవడు విడదీస్తాడు?

తెలుసుకోవాలని బయల్దేరాను. ముందు మన వెనక వీధి సూరమ్మని అడిగాను.

"నా దొడ్డి పుస్తకంలో ఎక్కిస్తావా అన్నయ్యా? ఎక్కించు. కింద నా పేరు మాత్రం పెద్దగా వెయ్యించు. మా కోడలు చదువుకున్నది, చదివి ఏడవాలి" అంది.

ఒప్పుదల అంటే ఇంతేనా అనుకున్నాను. కానీ సూరమ్మ దొడ్లో ఉన్నవి గోంగూర, ఒక మునగచెట్టు, కోడలి మీద కోపం. వాటితో పేజీ నిండదు.

అప్పుడు చర్చిలో ఎవరో వెంకటరాజు గారి పేరు చెప్పారు. పూర్వం వ్యవసాయ శాఖలో పనిచేసి ఊరూరా తిరిగి రైతులకి చెప్పినాయన. జూన్ నెలలో తొలకరి పడగానే రాజమండ్రి మీదుగా బస్సెక్కి వెళ్ళాను. మనిషి నాకంటే ముసలి, నాకంటే పొగరు. వసారా గోడకి ఒక పటం, దాని మీద తెల్ల పంచె ముక్క కప్పి ఉంది. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించి, పంచె ముక్క ఆయనే తీశాడు.

అమ్మాయీ, నేను నోరు తెరిచాను. గుడ్డ మీద రంగులతో గీసిన దొడ్డి. మళ్ళన్నీ తాడు పట్టినట్టు తిన్నగా ఉన్నాయి. ఏ నెలలో ఏ మడిలో ఏం వెయ్యాలో నెలకో రంగు. బీర దిగిపోయిన చోట వంగ, వంగ ముదిరిన చోట తోటకూర. ఏ నెలా పొయ్యి మీద కుండ ఖాళీ ఉండదు. చాలాసేపు చూశాను. తరవాత నీ సంగతి చెప్పి, పుస్తకంలో వేసుకుంటాం అన్నాను.

"వద్దండి" అన్నాడు.

"పేరు వేస్తామండి. మా అమ్మాయి పేరు లేకుండా ఏదీ వెయ్యదు."

"పేరు సంగతి కాదు రత్నం గారూ. ఒకసారి ఒక పురుగుమందుల కొట్టువాడు దీన్ని కేలండరు మీద వేశాడు. నన్నడగలేదు. వేసినవాడు ఉన్నది ఉన్నట్టు వేశాడా? మడికో మందు డబ్బా బొమ్మ కలిపాడు. జనం అది చూసి తోటకూర మీద కూడా మందు కొట్టారు. పిల్లలకి వాంతులైతే నా గుమ్మం ముందుకొచ్చి నన్ను తిట్టారండి. పటం నాది కదా మరి!"

"మాది మందుల కొట్టు కాదండి, ఆడవాళ్ళ సంఘం."

"అయితే మంచిదే. కానీ నేను మళ్ళీ ఇవ్వను. మీరు ఎంతసేపైనా చూడండి. చూసి నాటుకోండి. చూసి గీయకండి."

నాకు ఒళ్ళు మండింది. అంత దూరం వెళ్ళి అడిగితే కాదంటాడా? బస్సులో కూర్చున్నాక పటం మొత్తం నా కళ్ళలోనే ఉంది. చదువు తక్కువే కానీ చూసిన గట్టు మర్చిపోను నేను. ఇంటికెళ్ళి గీసి పంపేస్తే అనంతపురంలో ఎవడు చూడొచ్చాడు? బ్రిడ్జి దాటేదాకా అదే అనుకున్నాను. కానీ ఆ పంచె ముక్క ఆయన తన చేత్తోనే తీశాడు. ఇవ్వననుకున్నవాడు దాన్ని కప్పే ఉంచొచ్చు. తీసి చూపించాడంటే, రత్నం నాటుకుంటాడు, దొంగిలించడు అని నమ్మాడు. ఆ పంచె ముక్క నా చేతులు కట్టేసింది.

సరే, నాటుకోమన్నాడు కదా. మర్నాడే తాడు తీసి దొడ్లో దిగాను. ఆయన పటంలో ఉన్నట్టు తూర్పున ఆనపపాదు పందిరి, నడుమ మళ్ళు, కంద ఒక మూల, ఆకుకూరలు ఇంకో మూల. మన దొడ్డి అలా తిన్నగా ఎప్పుడూ లేదు. నాలుగు రోజులు పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించాను.

మీ అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు. అనకపోతే నాకు భయం వెయ్యాలి, వెయ్యలేదు.

వారం తిరక్కుండా కంద పక్కన బచ్చలి తీగ కనబడింది. పీకి దాని మూలకి మార్చాను. మళ్ళీ వచ్చింది. చిక్కుడు పాదు దానంతటదే వంగమడి దగ్గరికి నడిచొచ్చింది. పచ్చిమిరప ఒక మొక్క ఇక్కడ, ఒక మొక్క అక్కడ. అంట్లు తోమిన నీళ్ళు పడమర పారుతుంటే చేమ కూడా అటే పోయింది.

"ఏమే, రాజుగారి దొడ్డి పాడుచేస్తున్నావు" అన్నాను.

"రాజుగారొచ్చి వండుతారా ఏంటి? వంకాయ చిక్కుడుకాయ కలిపి వండుతాను. కందా బచ్చలీ కలిపి వండుతాను. కుండలో కలిసేవి దొడ్లో కలిసుంటే మీకేం పోయింది?" అంది.

నెలల తరబడి పీకడం, నాటడం జరిగాయి. క్రిస్మస్ నాటికి నేను ఓడిపోయాను. అయితే ఒక సంగతి చూశాను. బచ్చలి తీగ పందిరెక్కి నీడ పడితే కంద కింద హాయిగా ఉంది. దుంప తవ్వితే రెండు చేతులతో ఎత్తాల్సొచ్చింది. అప్పుడు నాకు తోచింది, ఇది రాజుగారి దొడ్డి కాదు, వేరేది అని. వేరేదైతే గీయొచ్చా? ఈ ప్రశ్న నిన్నడిగితే పుస్తకం చూసి చెప్తావు. నేను ఆయన్నే అడుగుదామనుకున్నాను.

చర్చి కేలండరు వెనక పెన్సిలుతో మన దొడ్డి గీశాను. కర్రతో కొలిచి, ఉన్న వంకర ఉన్నట్టే పెట్టాను. పోయిన వారం పట్టుకెళ్ళాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. నీతో చెప్తున్నాను, ఇంకెవరికీ చెప్పకు. కాగితం ఆయన ఒళ్ళో పెట్టి, "మీ పటం చూసే మొదలెట్టానండి. ఇది మీదేనంటే ఇక్కడే చింపేస్తాను" అన్నాను.

రాజుగారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు. వేలితో మడి మడీ తిరిగాడు.

"ఇది నాది కాదండి. నాది ఇంత వంకరగా ఉండదు" అన్నాడు. కోపమొచ్చింది కానీ ఊరుకున్నాను. అప్పుడు నెమ్మదిగా అన్నాడు, "నేను నెలల లెక్కన వేశాను. ఇది కుండ లెక్కన ఉంది. ఇన్నేళ్ళు ఊళ్ళు తిరిగాను, నాకీ ఊహ రాలేదు. కంద పక్కన బచ్చలి పెట్టాలని ఎవరికి తోచిందండి?"

"నాకేనండి" అన్నాను.

ఆయన లేచి నాకు చెయ్యిచ్చాడు. వచ్చేటప్పుడు బస్సులో ఛాతీ ఇంత వెడల్పు. బ్రిడ్జి మీద సగం దూరం వచ్చేసరికి అది తగ్గిపోయింది. తన పటం ఎవడో అడక్కుండా వాడుకున్నాడనే కదా ఆ పెద్దమనిషి ఇన్నేళ్ళూ కుమిలింది! నేను చేసింది ఏంటి మరి? అందులోనూ ఎవరి దగ్గర, నాకు వండిపెట్టే మనిషి దగ్గర.

ఇంటికొచ్చి కాగితం మీ అమ్మ ముందు పరిచి ఉన్నదంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"కుండ సంగతి నేను తరవాత చెప్పిన మాటండి. కంద ఒక మూల, బచ్చలి ఇంకో మూల పెట్టారు. దొడ్డి ఆ చివరికి నేను నడవలేను. ఒకసారి కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. ఒక్కచోట కూర్చుని కూరకి కావలసినవన్నీ కోసుకుంటే రెండోసారి కూర్చునే పని ఉండదని అలా పెట్టుకున్నాను" అంది.

సారికా, అమ్మ మోకాళ్ళ గురించి పైన వేళాకోళం రాశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచాను. నిజం ఇది. దొడ్డి చివరికి వెళ్ళలేకపోతోందని ఆ పూటదాకా నాకు తెలియదు. పటం గీయడానికి ప్రతి మడినీ కర్రతో కొలిచినవాణ్ణి, ఆమె ఎక్కడిదాకా నడుస్తోందో చూడలేదు. శుక్రవారం రాజమండ్రిలో ఎముకల డాక్టరుకి చూపిస్తున్నాను. వద్దంటే మోసుకెళ్తాను.

నీ పద్ధతి ప్రకారం ఒప్పుదల కూడా అడిగాను. పెళ్ళయ్యాక నేను మీ అమ్మని దేనికైనా అడగడం ఇదే మొదలు. "ఏవండీ, ఇంకోసారి అడగండి" అంది. మళ్ళీ అడిగించుకుని గాని ఒప్పుకోలేదు.

ఆమె షరతులు రాస్తున్నాను. అక్కడి ఆడవాళ్ళు మొక్కలు మార్చుకోవచ్చు. అక్కడ కంద లేకపోతే వాళ్ళ కుండలో ఏవి కలుస్తాయో అవి కలిపి వేసుకోవచ్చు. దూరం మాత్రం పెంచకూడదు. కూర్చున్న చోటినుంచి చెయ్యి చాపితే అందాలి. పాదుల మధ్య మందు డబ్బా బొమ్మ ఎవరూ పెట్టకూడదు, ఇది రాజుగారి కోసం నేను చేర్చాను. రాజుగారి పటం చూసి మొదలైందని కింద ఒక ముక్క వెయ్యి. ఆయనకి ఇవాళే కార్డు రాశాను, కంద పక్కన బచ్చలి పెట్టింది నేను కాదని.

పటం దీనితోనే పంపుతున్నాను. గీత తిన్నగా చెయ్యకు. మేమిద్దరం ఒప్పుకున్నాం.

ఇట్లు,
దొడ్డి వేసిన మీ అమ్మ సంపూర్ణమ్మ (వేలిముద్ర వద్దని తనే సంతకం పెట్టింది, చూడు),
ఆమె కింద, బొమ్మ మాత్రం గీసిన మీ నాన్న,
రాజరత్నం.