కత్తెర మేకుకి తగిలించాను

ఏమండీ,

మనింట్లో పళ్ళపేస్టు కూడా ఎవరిది వాళ్ళదేనని, ఇక వేరు కాపురమే తరువాయని పక్కింటి పిన్నిగారు కుళాయి దగ్గర చెబుతున్నారట. చెప్పుకోనివ్వండి. అత్తయ్య చిగుళ్ళు మానేదాకా అందరి బ్రష్షులూ తగిలే ట్యూబు వద్దని డాక్టరు అన్నాకే కదా, ఒక్కసారి వాడి పారేసే ఈ పేస్టు ప్యాకెట్లు తెచ్చాను! అద్దం పక్కన డబ్బాలో ఉన్నాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడకి ఒకటి కత్తిరించి ఇవ్వండి. చేతులు వణుకుతున్నాయి, ఆవిడ వల్ల కాదు. బడికి టైమైంది, వెళ్తున్నాను.

నిన్నటి నుంచి రక్తం రావడం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంకోమాట. పొద్దున అత్తయ్యతో, "చూశారా, దీనికి ఎవరి నోరూ తగలదు" అని గొప్పగా అన్నాను.

"నీ మొగుడు పళ్ళతో చింపేగా ఇస్తున్నాడు!" అన్నారు.