ధనిష్ఠను చూశాను

సుధా,

ధనిష్ఠ డాల్ఫిన్‌లా ఉంటుంది నానమ్మా అన్నావు. తప్పు. నిన్న సాయంత్రం పెరట్లో నీ టెలిస్కోపు పెట్టి చూశాను. పాతవాళ్లు చెప్పినట్టు మద్దెలలాగే ఉంది.

నువ్వు ఆ నక్షత్రంలో పోయావని, ఇంటికి ఆరు నెలలు తాళం వేయమన్నారు పంతులుగారు. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పిన నేను "ఆయ్, అలాగేనండీ" అన్నాను. మీ నాన్న కోసం ఒప్పుకున్నానని ఊళ్లో చెబుతున్నాను. నీతో అబద్ధమెందుకు, నేనూ భయపడ్డాను. నీ తర్వాత ఇంకా ఇద్దరు పిల్లలున్నారు ఇంట్లో.

ఆ ఆరు నెలలూ కొత్తపేటలో అద్దెకున్నాం. తాళం వేసే తొందరలో నీ టెలిస్కోపు లోపలే ఉండిపోయింది. నిన్న తలుపు తీసేసరికి తేమకు దాని కటకం బూజుపట్టి ఉంది. మీ అమ్మ నీ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేను దాన్ని పెరట్లోకి మోసుకెళ్లాను.

ఆ బూజులోంచి నాలుగైదు వెలవెలబోయిన చుక్కలు కనిపించాయి. ఇల్లు మూయించే మొహాలు కావవి.

"దాన్ని చూడకమ్మా, మళ్లీ ఏం ముంచుకొస్తుందో" అన్నాడు మీ నాన్న.

"అదేం చేసిందిరా? తాళం వేసింది మనం" అన్నాను.

అమలాపురం వెళ్లినప్పుడు కళ్లజోళ్ల షాపులో కటకం తుడిచే మెత్తటి గుడ్డ తీసుకురమ్మని మీ నాన్నకు చెప్పాను. పోయినసారి తెచ్చిన పసుపుది వద్దన్నాను, గీతలు పడుతున్నాయి.