మంచం లోపలికి వచ్చింది

సూర్యాపేట, ఆదివారం

అత్తమ్మకు ఉపేందర్ దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెబుదామంటే మీ బిడ్డ మధ్యలోనే గుంజుకుంటుంది. అందుకే కార్డు రాస్తున్నాను.

నా గురకతో నిద్ర పట్టడం లేదని శైలజ నా మంచం వరండాలో వేయించిన సంగతి మీకు తెలుసు కదా. గురక మీద, గొంతులో గాలి ఆడే దారి మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఒకామె మా వాడకు వచ్చింది. ముక్కు కింద సన్న గొట్టం, వేలికి క్లిప్పు పెట్టి నన్ను పడుకోమంది. తెల్లారి శైలజ, "వరండాల పండుకున్నా లోపలికి ఇనవడ్డది మేడం, నా నిద్ర ఖరాబ్ జేసిండు" అని మొర పెట్టుకుంది. డాక్టరమ్మ మిషన్ చూసి నవ్వింది.

"ఈయన చప్పుడే చెయ్యలేదమ్మా. ఈ రాత్రి నువ్వు పెట్టుకో."

పెట్టుకుంది. తన గురకకు తనే ఉలిక్కిపడి లేచి, ఇన్నేళ్లూ నన్ను తిట్టిందని తేలింది! నాకంటే తనే ఎక్కువ నవ్వింది. ప్రమాదమేమీ లేదట. నాలుకను అంగిలికి ఆనించే కసరత్తు డాక్టరమ్మ నేర్పింది. రొట్టెలు కాలుస్తూ కూడా అదే పని.

వేములపల్లిలో నాట్లు అయ్యాయా? వచ్చేటప్పుడు చింతకాయ తొక్కు తెండి.

గొంతు దారి ఇరుకు తల్లి నుంచి బిడ్డకు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. గురక పెడుతున్నాడని మీరు పడుకోను బాయికాడికి పంపిన మామయ్యకు ఈ కార్డు జర చదివి వినిపించండి. ఆయన మంచం కూడా లోపల వేయించండి.

మీ అల్లుడు
ఉపేందర్