చివరి కాగితం

అక్కా,

ఎలా ఉన్నావని అడిగే తీరిక లేదు, ముందే చెప్పేస్తున్నాను. ఈ శనివారం సాయంత్రం మేం కవితలు చదువుకునే గదికి వచ్చెయ్. అచ్చాపీసు మేడ మీద. వెనకవైపు ఇనుప మెట్లున్నాయి, అవి ఎక్కి రా. ముందు మెట్ల మీద మీ మరిది కాపలా కూర్చుంటారు.

నా నవలల పిచ్చి నీకు తెలిసిందే. పెళ్లయిన కొత్తలో మీ మరిది ఒక నవల చివరి కాగితం చింపి జేబులో పెట్టుకుని, "ముగింపు నేను చెప్తాలే" అన్నారు. సరసమనుకుని పడీ పడీ నవ్వాను. ఇప్పుడు ఇంట్లో ఏ పుస్తకానికీ చివరి కాగితం లేదు. ఆ కాగితాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఈమధ్య పనికి వెళ్తూ వీధి తలుపుకీ తాళం వేస్తున్నారు. మొన్న అన్నం వడ్డిస్తుంటే, "నీ ముగింపు కూడా నా దగ్గరే ఉంది" అన్నారు, చాలా మెల్లగా. అరిచి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు.

నలుగురూ అడుగుతారని శనివారం మాత్రం ఆ గదికి పంపుతున్నారు. అక్కడ కవిత కింద పేరు రాయకూడదు. ఒక పాత టోపీలో వేస్తాం, ఎవరి చేతికి వచ్చింది వాళ్లు చదువుతారు. పోయిన వారం నాది కుట్టుపని పెద్దమ్మ చేతికి వచ్చింది. ముగింపులు లేని ఇంటి గురించి రాశాను. ఆవిడ చదివి, కళ్లజోడు తీసి, ఎవరి వంకా చూడకుండా, "ఈ పిల్లకి వెనక మెట్లు చూపించారా ఎవరైనా?" అంది. ఎవ్వరూ నవ్వలేదు. ఈ శనివారమే ఆఖరు, ఇక పైన వద్దని మీ మరిది చెప్పేశారు.

ఈ ఉత్తరం పోస్టు చేసేదీ ఆయనే. ముందు కాగితాలు చదవరు, ఆడవాళ్ల సోది అంటారు. ఆఖరిదొక్కటే చూస్తారు. అందుకే దాన్ని ఆయన కోసం రాస్తున్నాను. అది నీకు అందినా నమ్మకు. ఈసారి గానీ మొదటి నుంచి చదివారా, నా పని అయిపోయినట్టే.

*

వదినగారికి నమస్కారాలు.

మీ చెల్లెలి ఉత్తరం పంపుతున్నాను. చివరి కాగితం నేనే ఉంచుకున్నాను. కవితలూ గివితలూ మానేస్తానని, నా మాట దాటనని రాసింది. ముచ్చటేసింది. శనివారం ఆ గదిలో తన నోటితోనే అందరికీ ఆ మాట చెప్పించి తెచ్చేస్తాను. ఆ తర్వాత తన గురించి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఉత్తరాలు రాకపోతే నొచ్చుకోకండి.

మీ మరిది

*

ఏమండీ,

మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. మీరు కింద విన్న కవితలు నావే. నేను అక్కతో వెనక మెట్లు దిగి వెళ్లేదాకా పెద్దమ్మ ఒకదాని తర్వాత ఒకటి చదువుతూనే ఉంది.

అక్క ఇంటి దారి మీకు తెలుసు. వస్తారని కూడా తెలుసు. ఇక్కడ గడియ లోపల ఉంది, అది మా చేతిలో ఉంది. పెద్దమ్మా వాళ్లూ వంతులు వేసుకుని మాకు తోడుంటున్నారు.

మీరు చింపిన నవలల్లో ఒకదానికి చింపని ప్రతి అక్క దగ్గర దొరికింది. నిన్న పూర్తి చేశాను. మీరు చెప్పిన ముగింపులో ఆ అమ్మాయి ఏడ్చుకుంటూ ఇంటికి తిరిగొచ్చేది. పుస్తకంలో రాలేదండీ.

ఇట్లు,
చివరిదాకా చదివిన మనిషి